అందరికీ కలిపి ఒక టిక్కు

అనుమతి లేదట. నా ఫోల్డరు తెరవడానికి నాకే అనుమతి లేదట. తెర మధ్య ఒక చిన్న తెల్లపెట్టె, అందులో ఆ ముక్క, కింద ‘సరే’ అని ఒక మీట. కాదనడానికి మీట లేదు. పొద్దుట్నుంచీ ఆ సరే నొక్కీ నొక్కీ మౌసు జిడ్డంతా నా వేలికే అంటుకుంది. అది ఎవరి చేతి జిడ్డో తెలియదు, నాది కాదని మాత్రం తెలుసు, నేను చేతులు కడుక్కోకుండా ఈ కుర్చీలో కూర్చోను. కీబోర్డు సందుల్లో బిస్కట్టు పొడి, ఒక తెల్లవెంట్రుక, ఒక గోరు ముక్క. గోరు ఎవరిదో చెప్పగలను. మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన కంప్యూటరు ముందు కూర్చుంటే గోళ్ళు కొరుకుతారు, కొరికింది తుపుక్కుమని ఉమ్ముతారు, ఆ తడివేలితోనే మీటలు నొక్కుతారు. బంధువులందరి కంప్యూటర్లకీ ఆయనే వైద్యుడు, పిలిచినా పిలవకపోయినా వస్తారు. ఆయన చెయ్యి పడ్డ మీటల మీదే నా వేళ్ళూ పడాలి. అయినా మళ్ళీ ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కాను, మళ్ళీ అదే పెట్టె వచ్చింది.

నేను పళ్ళు చేస్తాను. అలా చెప్పగానే ఎదుటివాళ్ళు చటుక్కున నోరు మూసుకుంటారు. డాక్టరు నోటిని యంత్రంతో కొలిచి పంపిస్తే ఆ ఆకారం ఈ తెర మీద గులాబీరంగు చిగుళ్ళతో సహా తేలుతుంది. విరిగిన చోట కొత్త పన్ను ఎలా ఉండాలో నేను గీస్తాను, ల్యాబులో మిషను దాన్ని తెల్లటి పింగాణీ దిమ్మలోంచి చెక్కుతుంది. రోజూ పరాయి నోళ్ళలో తిరిగే దానివి నీకు అసహ్యమేమిటి అని మా ఆయన నవ్వుతాడు. నోట్లో పాచి నాకు అసహ్యం కాదు, గార పట్టిన పన్నూ కాదు, పుచ్చిపోయి నల్లటి గుంట పడ్డ దవడపన్ను అసలే కాదు. అవన్నీ ఉన్నది ఉన్నట్టు కనిపిస్తాయి, పుచ్చితే పుచ్చానని చెబుతాయి. ఇప్పుడు ఈ లోపల దొరక్కుండా ఉన్న పన్ను ఒక బాకాయనది. బ్యాండులో బాకా ఊదుతాడు, సైకిలు మీంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. రేపు సాయంత్రం వాళ్ళ బ్యాండు వాయించాలి, ఆ పన్ను లేకపోతే ఊపిరంతా పక్కనుంచి పోతుందట. రెండేళ్ళ క్రితం ఆయనకి ఒక దవడపన్ను చేశాను కాబట్టి విరగకముందు ఆ ముందుపన్ను ఎలా ఉండేదో నా ఫోల్డరులో ఉంది, ఇంకెక్కడా లేదు, ల్యాబువాళ్ళు పాత కొలతలు ఏడాదికోసారి తుడిచేస్తారు. పన్ను గీయడం నిన్ననే అయిపోయింది. ఒక పూట పక్కన పెట్టి మళ్ళీ చూసుకుంటే తప్పులు వాటంతటవే కనిపిస్తాయి కదా అని పంపకుండా ఆపాను. పన్నెండింటికి ల్యాబులో మిషను మొదలుపెడతారు. అందులో ఎక్కకపోతే రేపటికి అందదు. ఇంకో సంగతి కూడా ఉంది. వచ్చే నెల నుంచి ల్యాబుకే వచ్చెయ్యండి, డిజైన్ల పనంతా మీ చేతుల్లో పెడతాను అంది ల్యాబు మేడమ్. ఆ మాట అన్నాక ఇదే మొదటి పన్ను. మొదటిదానికే నా ఫోల్డరు తెరుచుకోలేదండీ అని చెబితే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు, ఏమీ అనదు, ఇంకెవరినో చూసుకుంటుంది.

రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అనే పేజీ తీశాను. ఏ ఫైలు ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరికి పూర్తి పెత్తనం అనేది అక్కడ వరసగా ఉండాలి. ఉండాల్సిన చోట ఖాళీ. ఈ పేజీ చూడటానికి కూడా మీకు హక్కు లేదు, కావాలంటే పెద్ద పాస్‌వర్డు కొట్టండి అంటోంది. పెద్ద పాస్‌వర్డు బావగారి దగ్గరుంటుంది. పోయినేడు పాత డిస్కు మూలుగుతుంటే నా పనంతా కొత్తదాంట్లోకి మార్చింది ఆయనే, మోసినవాడే యజమాని అన్నట్టు అప్పటినుంచీ నా ఆరేళ్ళ పనికి ఓనరు ఆయన. ఆ సంగతి అప్పుడే తెలుసు, పోనీలే అనుకున్నాను, తెరుచుకుంటున్నంతకాలం తలుపు ఎవరి పేరున ఉంటే ఏం. ఫోన్ తీసి ఆయనకి కలిపాను.

“బావగారూ, నా పని ఫోల్డరు తెరుచుకోవట్లేదు. మీరేమన్నా మార్చారా?”

“నేనా? మీ ఇంటికొచ్చి నెలైందమ్మా.” నాలుక చప్పరించిన చప్పుడు. “నిన్న సాయంత్రం వాడు మాత్రం ఫోన్ చేశాడు.”

“ఎవరు?”

“మీ ఆయనే. ఒక ఫోల్డరు ఎవరూ తెరవకుండా చెయ్యాలంటే ఎలా అన్నయ్యా అన్నాడు. వాడి ఆఫీసు గొడవేమో అనుకున్నా. పాస్‌వర్డు ఇచ్చి, ఎక్కడ టిక్కు పెట్టాలో చెప్పా. ఏం, నీతో అనలేదా?”

అనలేదు. నిన్న సాయంత్రం నేను కూరగాయలకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు సంచీ అందించింది ఆయనే, నెమ్మదిగా రా, తొందరేం లేదు అన్నది కూడా ఆయనే. ఆ మాటకి నేను మెట్ల మీద ముచ్చటపడ్డాను కూడా.

“ఆ పాస్‌వర్డు నాక్కూడా చెప్పండి బావగారూ.”

“అది అందరికీ ఇచ్చేది కాదమ్మా.”

“పన్నెండింటికి పని పంపాలి. అక్కడ ఒక మనిషి ముందుపన్ను లేకుండా కూర్చున్నాడు.”

“సరే, కొట్టుకో. నా పేరు. పక్కనే గారు.”

“గారా?”

“ఆఁ. గారు. కలిపి కొట్టు. జీ పెద్దక్షరం.”

మా బంధువుల ఇళ్ళల్లో ఎన్ని కంప్యూటర్లు ఆయన చేతిమీదుగా వచ్చాయో. అందరిళ్ళల్లోనూ ఇదే పాస్‌వర్డు అయి ఉంటుంది. ఎవరికి ఏం కావాలన్నా ముందు ఆయన పేరు, వెనకాల గారు, తప్పులేకుండా టైపు చెయ్యాలి. ఇంకోరోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆయన తడిపిన మీటల మీద ఆయన పేరే ఒక్కో అక్షరం కొట్టాను, గారు కూడా కొట్టాను, పేజీ తెరుచుకుంది. ఒకే ఒక్క వరస. ఎవ్రీవన్, అంటే అందరూ. ఎదురుగా డినై, అంటే వద్దు, అనే గడిలో టిక్కు. ఇంకే గడీ ముట్టుకోలేదు.

“ఎవ్రీవన్ దగ్గర కొట్టాడా? అనుకున్నా” అని బావగారు ఫోన్లో నవ్వుతున్నారు. “అలా కొడితే నీకూ రాదు, నాకూ రాదు, వాడిక్కూడా రాదు. అందరూ అంటే మిగతావాళ్ళనుకుంటారమ్మా జనం. తాము కూడా అందులోనే ఉన్నామని తట్టదు.” ఆ టిక్కు తీసెయ్యి, ఓనరుగా నీ పేరు పెట్టుకో, లోపల ఉన్నవాటన్నిటికీ వర్తించేలా చెయ్యి, ఒక్కో ఫైలూ సరిచేసుకుంటూ పోతుంది, మధ్యలో కదపకు అన్నారు. చేశాను. ఆకుపచ్చ గీత ఒకటి ఎడమవైపు మొలిచింది. గంట పదకొండు దాటింది.

ఇక చేసేదేం లేదు, కూర్చోవడమే. గీత పైన ఫైళ్ళ పేర్లు ఒకటొకటిగా పోతున్నాయి. నోళ్ళకి పేర్లు పెట్టడం నాకు ఇష్టం ఉండదు, పని పేరే పెట్టుకుంటాను. ఆయా, పై కోర. ఇస్త్రీ ఆవిడ, కింది వరస. ఒక్కో నోటికి పాతిక ముప్ఫై ఫైళ్ళు, ప్రతి ఫైలు దగ్గరా అది ఆగి, తాళం తీసి, మళ్ళీ కదులుతోంది. అక్షరాల వరసలో వెళుతోంది కాబట్టి బాకాయన రావాలంటే క నుంచి ప దాకా ఊరందరి నోళ్ళూ తెరవాలి. నిన్న ఇదే గీత ఇదే తెర మీద ఇదే వరసలో కదిలి ఉంటుంది, అప్పుడు ఒక్కొక్కటే మూసుకుంటూ. మా ఆయన ఇదే కుర్చీలో కూర్చుని చూసి ఉంటాడు. మధ్యలో ఆపొచ్చు, ఆపే మీట పక్కనే ఉంటుంది. ఆపలేదు. ఎంతసేపు చూశాడో, చూస్తూ బిస్కట్లు తిన్నాడన్నమాట, ఈ పొడి అదే. నా పని మీద తాళాలు పడుతుంటే బిస్కట్టు కొరుక్కుంటూ కూర్చున్నాడు. నేను వచ్చేసరికి హాల్లో పేపరు చదువుతున్నాడు, వంకాయలు లేతగా ఉన్నాయే అన్నాడు. లేతగానే ఉన్నాయి.

వద్దు అనొచ్చు కదా. ఎంత చిన్న మాట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నోటినుంచి వద్దు అన్న మాట నేను వినలేదు, మా అమ్మ ఆ సంగతి ఇంకా గొప్పగా చెప్పుకుంటుంది, మా అల్లుడు దేనికీ అడ్డు చెప్పడు అని. చెప్పడు. నీ ఇష్టం అంటాడు. కిటికీ ఉన్న గది నా పనికి తీసుకుంటానంటే నీ ఇష్టం అన్నాడు, నాలుగు రోజులకి వడ్రంగి వచ్చి ఆ గోడకి చెమ్మ ఉందమ్మా, కంప్యూటరు పాడవుతుంది అన్నాడు. ఆ గదిలో ఇప్పుడు మా ఆయన పడక్కుర్చీ ఉంది, ఆయనకి చెమ్మ తగల్లేదు. కుక్కపిల్లని తెచ్చుకుంటానంటే నీ ఇష్టం అన్నాడు, వారం తిరక్కుండా ఇంటి ఓనరు పైనుంచి దిగొచ్చి జంతువులు కుదరవన్నాడు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఆ ముసలాయనే అన్నాడు, మీవారే చెప్పమన్నారమ్మా, నాకు కుక్కలంటే ప్రాణం అని. అప్పుడు కూడా నేను నవ్వేసి ఊరుకున్నాను. పాపం, మొహమాటం అనుకున్నాను. మొహమాటం అనే మాట వెనక ఎంత కుళ్ళు పెట్టుకోవచ్చో అప్పుడు నాకు తెలియదు. కండక్టరు, ముందు రెండు. కిరాణా, కింది దవడ. గీత సగానికి రాలేదు.

పోనీ ఇది ఇంట్లోనేనా అంటే, కాదు, ఆఫీసులోనూ ఇంతే. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ ఆయనది. ఒకసారి ఏదో పనుండి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. గాజుకి అవతల ఒక పెద్దాయన, కొళాయి కనెక్షను కోసం వచ్చాడు, ఎన్నోసారో మరి, కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. చూద్దామండీ, పైనుంచి రావాలి, మీరు మళ్ళీ వారం ఒకసారి కనపడండి అని మా ఆయన ఎంత మెత్తగా చెప్పాడో. పెద్దాయన చల్లగా ఉండు నాయనా అని వెళ్ళాడు. తర్వాత నేనడిగితే, అది ఎప్పుడో కొట్టేశారు, ఆ వీధికి పైపే లేదు అన్నాడు. మరి ఆ ముక్క చెప్పొచ్చు కదా. బాధపడతాడే, నేను ఇన్నేళ్ళలో ఒక్కరిని కూడా బాధపెట్టి పంపలేదు అన్నాడు, అని ముద్ద కలుపుకున్నాడు. ఆ రోజు ఆ ముద్ద నోట్లోకి వెళ్ళడం చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో అప్పుడు తెలియలేదు, ఎండలో తిరిగొచ్చాను కదా అనుకున్నాను. ఆ పెద్దాయన ఇంకా వస్తూనే ఉన్నాడేమో. ఇప్పుడు ఆ గాజుకి అవతల నేనూ ఉన్నాను, నా కాగితం కూడా మడతల దగ్గర చిరుగుతోంది.

టైలరమ్మ, ముందుపన్ను. ఈవిడ బాగా గుర్తు. జీవితమంతా దారం కొరికీ కొరికీ పన్ను అంచున చిన్న నొక్కు పడింది. కొత్తపన్ను నున్నగా చేసి పంపితే తిరక్కొట్టింది, నా నొక్కు నాకు పెట్టండి, దారం జారిపోతోంది అని. బాకాయన కూడా అంతే. ల్యాబుకి కొలతలిద్దామని వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. అందంగా ఉండక్కర్లేదమ్మా, నాదిలాగే ఉంటే చాలు, కొంచెం పక్కకి తిరిగి ఉండేది, ఆ సందులోంచే నాకు పైస్వరం వస్తుంది అన్నాడు. ఆ తిరుగుడు కోసం మూడు రోజులు కూర్చున్నాను. ఎంత తిరగాలి, ఎక్కడ ఆగాలి, తెర మీద గోరంత జరిపితే పెదవి కింద ఎంత జరుగుతుంది. మూడోరోజు అది సరిగ్గా కూర్చున్నప్పుడు నేను ఈ కుర్చీలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. మా ఆయన వంటింట్లోంచి తొంగి చూసి, ఏమిటే అంత సంబరం అన్నాడు. చూపించాను. బాగుంది అన్నాడు. చాలాసేపు చూశాడు కూడా. అంటే ఏది మూస్తున్నాడో తెలిసే మూశాడు. తెలియక చేశాడని అనుకునే దారి కూడా నాకు మిగల్చలేదు, ఆ మాత్రం దయ కూడా లేదు.

భయం వేసి ఉంటుంది. అది నాకు తెలియనిదేం కాదు. ఆఫీసు పక్క వీధిలోనే కాబట్టి మధ్యాహ్నం ఇంటికొచ్చి తింటాడు, నేను వడ్డిస్తాను, ఆఫీసు కబుర్లు చెబుతాడు. నేను ల్యాబుకి వెళ్తే ఆ పూట ఇల్లు తాళం వేసి ఉంటుంది. గిన్నెల మీద మూతలు తనే తీసుకోవాలి, గోడలకి చెప్పుకోవాలి. నువ్వు లేని ఇంట్లో నాకు తినబుద్ధి కాదే అంటే ఏం పోయేది. నిజంగా ఆ ఒక్క మాట అని ఉంటే, ఏమో, నేను మేడమ్‌కి ఫోన్ చేసి సగం రోజు చాలండీ అని ఉండేదాన్ని, మొత్తానికే మానేసి ఉండేదాన్నేమో కూడా, నా మనసు నాకు తెలుసు. నాతో పోట్లాడినా బాగుండేది. పళ్ళేం రాలేవి కాదు, రాలినా ఇంట్లోనే చేసేదాన్ని. నిన్న రాత్రి కూడా అడిగాను, అన్నం దగ్గర, వచ్చే నెల నుంచి వెళ్తున్నాను కదా, మీకేం ఇబ్బంది లేదు కదా అని. అప్పటికే తాళం పడిపోయింది. నీ ఇష్టమే, నీకు నచ్చింది చెయ్యి అన్నాడు, మజ్జిగ ఇలా అందుకో అన్నాడు. అందించాను. ఈ చేత్తోనే అందించాను. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను, సబ్బుతో, మోచేతుల దాకా.

పంతులమ్మలు అయిపోయారు. పోస్టాయన, పై దవడ. కంప్యూటరు పెట్టె వేడెక్కి లోపల దుమ్ము కాలుతున్న వాసన వస్తోంది, ఎవరూ ఎన్నడూ తుడవని ఫ్యాను మీది దుమ్ము. గడియారం వైపు చూడకూడదనుకుంటూ చూస్తున్నాను. ఫోన్ మోగింది, ల్యాబు మేడమ్.

“దిమ్మ బిగించమంటారా? మీ పన్ను ఒక్కటే రావాలి.”

“బిగించండి, పంపుతున్నాను” అన్నాను. ఇంకా రాకుండానే అన్నాను. బస్సు డ్రైవరు, కింది రెండు. ఈ డ్రైవరు నోట్లో ఇన్ని ఫైళ్ళున్నాయా, ఇన్ని ఎందుకు చేశానురా బాబూ, ఒక్కోటీ ఒక్కోటీ పోతోంది. బాకా. బాకా, పాత కొలత. బాకా, ముందుపన్ను, ఒకటి, రెండు, చివరిది. గీత ఇంకా కదులుతుండగానే మధ్యలో ఫోల్డరు తెరిచాను. తెరుచుకుంది. తెల్లపెట్టె రాలేదు. పన్ను తెర మీద తేలింది, గులాబీరంగు చిగురు మీద కొంచెం పక్కకి తిరిగి. తప్పులు వెతికే తీరిక లేదు, అయినా ఒకసారి చుట్టూ తిప్పి చూశాను, వెనకవైపు అంచు దగ్గర వెంట్రుకవాసి ఎత్తు తగ్గించాను, పంపేశాను. కాసేపటికి మేడమ్ దగ్గర్నుంచి, వచ్చింది, ఎక్కించాం అని. ఏడుపు రావాలి లెక్క ప్రకారం, రాలేదు. ఎదురుగా గీత ఇంకా పోతూనే ఉంది, బ అయిపోయి మ లోకి వచ్చింది.

మా ఆయన, కింది దవడ. ఇది ఉందన్న సంగతే మర్చిపోయాను. పోయిన చలికాలం ఎడమవైపు కింద పన్ను పగిలితే డాక్టరు కొలిచి పంపాడు, నేనే చేశాను. తెరిచాను. పది అంగుళాల వెడల్పున మా ఆయన నోరు. దవడపళ్ళన్నీ పైభాగం అరిగిపోయి బల్లపరుపుగా ఉన్నాయి, గుట్టలుండాల్సిన చోట చదును. నిద్రలో కొరుకుతాడు. పక్కన పడుకున్నదాన్ని, ఆ చప్పుడు నాకు తెలుసు, ఇసుక మీద బండి చక్రం తిరిగినట్టుంటుంది. పగలు మనసులో ఏమైనా పెట్టుకుంటున్నారా అని డాక్టరు అడిగాడు. అబ్బే, నాకేముంటుందండీ అన్నాడు మా ఆయన. ఇక్కడున్నాయి, అనని మాటలన్నీ. కుక్కపిల్ల వద్దు, కిటికీ గది వద్దు, కొళాయి రాదు, నువ్వు వెళ్ళొద్దు. అన్నీ నమిలి నమిలి పిండి చేసుకుని మింగాడు. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి ఎవరూ చూడకుండా వద్దు అన్నాడు, అదీ ఒక యంత్రంతో, అదీ అందరికీ కలిపి, తనక్కూడా. అప్పుడు జాలి కలిగింది నాకు, వట్టి జాలి కాదు, నోట్లో వెంట్రుక తగిలినట్టుండే జాలి. అది ఎలా ఉమ్మాలో తెలియక కాసేపు అలాగే ఆ దవడని చూస్తూ కూర్చున్నాను.

గేటు చప్పుడైంది. చెప్పులు విప్పాడు, కుళాయి తిప్పాడు, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఏం కూర అని అడుగుతాడు రోజూ.

“కంప్యూటర్ పనిచేస్తోందా?” అన్నాడు.

“పొద్దున మొరాయించింది. బాగుచేశాను.”

“అవునా?” తువ్వాలు మడత పెడుతున్నాడు. “అన్నయ్య ఏమన్నా కెలికాడేమో. వాడికి చేతులూరుకోవు.”

ఎంత సునాయాసంగా అన్నాడో. తడబడలేదు, కళ్ళు తిప్పుకోలేదు. బావగారి గోరు ముక్క కీబోర్డు సందులోనే ఉంది, చూశాను. దాని మీద నాకు ఒక్కసారిగా అసహ్యం పోయింది. పాపం, ఉమ్మితే ఉమ్మినట్టు కనిపించేది.

“బావగారితో మాట్లాడాను” అన్నాను.

తువ్వాలు సగం మడతలో ఆగింది. నేను కుర్చీ ఆయనవైపు తిప్పుకున్నాను. “నన్ను వెళ్ళొద్దని చెప్పండి. ఇలా, నా మొహం చూసి. పోట్లాడను. వినాలనుంది, అంతే.”

తెర మీద ఆయన దవడ, గుమ్మంలో ఆయన. చెంప కింద కండ ఒకసారి బిగిసి వదిలింది. చెబుతాడనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణం చెబుతాడనే అనుకున్నాను.

“నేనెందుకు వద్దంటానే” అన్నాడు. “కళ్ళు పాడు చేసుకుంటున్నావని అన్నయ్యే...” ఆగాడు. “నీ ఇష్టం.”

తెరవైపు తిరిగాను. గీత చివరకి చేరింది, పూర్తయింది అని చిన్న అక్షరాల్లో ఉంది. ఓనరు దగ్గర నా పేరు. అందరూ అన్న వరస పూర్తిగా తీసేశాను, దాని బదులు ఆయన పేరు చేర్చాను. ఎదురుగా వరసగా గడులు. డినై మీద వేలు పెట్టి కాసేపు ఉంచాను, నొక్కలేదు. చదవొచ్చు అన్నచోట టిక్కు పెట్టి, మిగతావి ఖాళీగా వదిలేశాను.

“మీకు చూడ్డానికి మాత్రం ఇచ్చాను. మార్చడానికి లేదు” అన్నాను, ఆయనవైపు తిరిగి, మొహం చూసి. “వచ్చే నెల నుంచి మధ్యాహ్నం నేనుండను. గిన్నెలు పొయ్యి పక్కన పెట్టి వెళ్తాను.”

“సరే” అన్నాడు. “నీ ఇష్టం.”

లోపలికి వెళ్ళాడు. పళ్ళెం తీసుకున్న చప్పుడు, కుర్చీ లాక్కున్న చప్పుడు, ఆ రెంటి మధ్య ఇసుక మీద చక్రం తిరిగినట్టు చిన్న శబ్దం. పట్టపగలు విన్నది ఇదే మొదటిసారి. ఎక్కడ్నుంచి వస్తోందో తెర మీద వేలు పెట్టి చూపించగలను. ఎడమవైపు కింద, నేను చేసిన పన్నుకి పక్కది, కొలత తీసేనాటికే మధ్యలో సన్నటి పగులు పడింది, ఏడాది తిరక్కుండా విరుగుతుంది. ఆ పన్ను వేరే ఎవరిచేతనైనా చేయించుకోవాలి.